ఒక్కరే పగడాల సముద్రానికి వెళ్లాలంటే: అండమానా, కెయిర్న్సా?

చిత్తూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు పోయిన నెల ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి ఎవురి కోసరం ఎదురుచూడను. ఒక్కదాన్నే పోతా. సముద్రం ఉండాల, పక్కనే అడవి ఉండాల, నీళ్లలో పగడాలు చూడాల. అండమాన్ పోయేదా, నువ్వు పోయొచ్చిన ఆస్ట్రేలియా ఊరు పోయేదా చెప్పు" అంది.

"నీకు సెలవు ఏ నెలలో?" అన్నాను. మాట దాటేస్తున్నాననుకుంది. కానీ ఈ రెండు ఊళ్ల మధ్య ఎంచుకోవాలంటే డబ్బు కంటే, వీసా కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఆ సంగతి నాకు ఒక ట్రిప్పు మొత్తం పోగొట్టుకున్నాక తెలిసింది.

నేను తిరుపతిలో ఒక ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మాకు సెలవులంటే వేసవే. అందుకని మొదటిసారి జూన్ మొదట్లో అండమాన్ వెళ్లాను. దిగిన రోజే వాన. మర్నాడు హావ్‌లాక్ దీవికి వెళ్లాల్సిన ఫెర్రీ సముద్రం బాగాలేదని ఆపేశారు. ఆ మర్నాడూ అంతే. మూడు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో లాడ్జి కిటికీ దగ్గర కూర్చుని, రేకుల మీద వాన చప్పుడు వింటూ గడిపాను. నలుగురితో వెళ్తే అలాంటి రోజుల్లో పేకాటైనా ఆడుకోవచ్చు. ఒక్కరే ఉంటే ఆ మూడు రోజులు చాలా బరువుగా గడుస్తాయి. ఒక్క పగడం చూడకుండా తిరిగొచ్చాను. మళ్లీ ఒక సంక్రాంతికి వెళ్లినప్పుడు అదే సముద్రం అద్దం పరిచినట్టుంది. కెయిర్న్స్‌కి దసరా సెలవుల్లో వెళ్లాను.

నెలల లెక్క

అండమాన్ మనలాగే భూమధ్యరేఖకి ఉత్తరాన ఉంది. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలు, తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు కొన్నాళ్లు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. కెయిర్న్స్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. అక్కడ అంతా తిరగబడుతుంది. మే నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. డిసెంబర్ నుంచి మార్చి దాకా కుండపోత. ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ భాగం ఆ కొద్ది నెలల్లోనే పడుతుంది. తుపాన్లూ అప్పుడే. 2023 డిసెంబర్‌లో జాస్పర్ తుపాను వచ్చినప్పుడు కెయిర్న్స్ చుట్టుపక్కల వరదలు ముంచెత్తాయి.

అంటే సంక్రాంతికి సెలవు దొరికేవాళ్లకి అండమాన్, దసరాకి దొరికేవాళ్లకి కెయిర్న్స్. ఒకటి బాగున్నప్పుడు రెండోది బాగుండదు. "ఎవరో జనవరిలో ఆస్ట్రేలియా టికెట్ చవగ్గా ఉందన్నారు" అని ఎవరైనా చెప్తే, ఎందుకు చవగ్గా ఉందో ఇప్పుడు మీకు తెలుసు.

కెయిర్న్స్‌కి ఇంకో లెక్క కూడా ఉంది. నవంబర్ నుంచి మే దాకా అక్కడి తీరంలో బాక్స్ జెల్లీఫిష్, ఇరుకంజీ అనే విషపు జెల్లీఫిష్‌లు తిరుగుతాయి. ఇరుకంజీ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, కుడితే ఆసుపత్రి పాలే. ఆ నెలల్లో ఒంటినిండా పట్టేసే పల్చని లైక్రా సూట్ వేసుకునే నీళ్లలో దిగాలి. పడవల వాళ్లే ఇస్తారు. బీచ్‌ల దగ్గర వలలు కట్టి లోపల ఈదమంటారు, పక్కనే స్తంభానికి, కుడితే పోయడానికి వెనిగర్ సీసా పెట్టి ఉంచుతారు. జూన్, జూలై, ఆగస్టులో ఆ బెడద తక్కువ గానీ ఆగ్నేయం నుంచి గాలి బలంగా వీస్తుంది. పడవ బాగా ఊగుతుంది, నీళ్లు కూడా మనకి చల్లగా అనిపిస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్ నెలలు నాకు అన్నిటికన్నా నచ్చాయి.

దారి, డబ్బు, కాగితాలు

అండమాన్‌కి మన తిరుపతి వాళ్లకి దారి చెన్నై మీదుగానే సులువు. తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై ఎయిర్‌పోర్ట్ చేరితే, అక్కడి నుంచి రెండుంపావు గంటల విమానం. చెన్నై నుంచి ఓడ కూడా ఉంది, కానీ దానికి మూడు రోజులు పట్టొచ్చు. ఒంటరిగా మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పను. ఆధార్ కార్డు చాలు, మనకి వేరే పర్మిట్ అక్కర్లేదు. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్, నీల్ అనే ఇంకో దీవి ఏమో షహీద్ ద్వీప్. ఊళ్లో జనం పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి రెండూ గుర్తుంచుకోండి.

కెయిర్న్స్‌కి చెన్నై నుంచి సింగపూర్ నాలుగు గంటలు, అక్కడి నుంచి నేరుగా ఇంకో ఏడు గంటలు. సిడ్నీయో బ్రిస్బేనో దిగి మళ్లీ దేశీయ విమానం ఎక్కడం కన్నా ఇదే హాయి. వీసా ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి. ఫీజే సుమారు 200 ఆస్ట్రేలియా డాలర్లు. దాదాపు అంత డబ్బుకే చెన్నై–పోర్ట్ బ్లెయిర్ రానుపోను టికెట్ దొరికే రోజులుంటాయి, ఖర్చు తేడా అక్కడే అర్థమవుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం కలిగించే కాగితాలు గట్టిగా పెట్టాలి: ఉద్యోగం లెటర్, సెలవు మంజూరు లెటర్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

బయల్దేరే రోజు మా అమ్మ బ్యాగులో లడ్డూ ప్రసాదం పెట్టింది. ఆస్ట్రేలియాకి తినే వస్తువు ఏది తీసుకెళ్లినా, ఎంత చిన్నదైనా, దిగేటప్పుడు ఇచ్చే కార్డులో ఉందని రాయాలి. రాయకుండా దొరికితే జరిమానా. పాలు, నెయ్యి, విత్తనాలు, పళ్లు అంటే మరీ గట్టిగా చూస్తారు. ప్రసాదం ఎవరో చెత్తబుట్టలో వేస్తే చూడలేను. అందుకని చెన్నై ఎయిర్‌పోర్ట్‌లోనే పొట్లం విప్పి, సగం పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడకి పెట్టి సగం నేను తిన్నాను. ఆవిడ రెండు చేతులూ చాచి తీసుకుని కళ్లకద్దుకుంది. కొన్న ప్యాకెట్ కందిపొడి మాత్రం కార్డులో రాసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశారు.

ఒక్కరే ఉన్నప్పుడు ఏ ఊరు ఆదుకుంటుంది

నా దృష్టిలో అసలైన పోలిక ఇదే. చాలామంది పగడాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఒంటరి ప్రయాణంలో పగడాల దగ్గర గడిపేది రోజుకి రెండు మూడు గంటలు. మిగతా ఇరవై పైచిలుకు గంటలు ఊళ్లో గడపాలి.

కెయిర్న్స్ మధ్యలో ఎస్ప్లనేడ్ అని సముద్రం ఒడ్డున పొడుగాటి నడకదారి ఉంది. ఊరి ముందు ఇసుక బీచ్ ఉండదు, బురద నేల. అందులో మొసళ్లు కూడా రావచ్చు. అందుకని నగరం వాళ్లు ఒడ్డునే 4800 చదరపు మీటర్ల పెద్ద ఉప్పునీటి కొలను కట్టారు. ప్రవేశం ఉచితం, లైఫ్‌గార్డులు ఉంటారు. మొదటి సాయంత్రం అక్కడ మోకాలి లోతులో కూర్చుంటే, కొంచెం అవతల బురద మీద గూడబాతులు దిగుతూ కనిపించాయి. మన నేలపట్టులో చూసే వాటికంటే పెద్దవి, నలుపు తెలుపు రెక్కలు. కొత్త దేశంలో మొదటి సాయంత్రం ఉండే బెరుకు ఆ పక్షులని చూడగానే సగం తగ్గింది.

ఆ కొలనూ, పడవలు బయల్దేరే టెర్మినలూ, హాస్టళ్లూ, సూపర్ మార్కెట్లూ అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. హాస్టల్ అంటే మన కాలేజీ హాస్టల్ అనుకోకండి. నలుగురో ఆరుగురో ఉండే గదిలో ఒక మంచం, తాళం వేసుకునే లాకర్, అందరికీ కలిపి ఒక వంటగది. ఆడవాళ్లకి మాత్రమే అయిన గది అడిగితే చాలాచోట్ల ఇస్తారు. ఆ వంటగది మన శాకాహారులకి పెద్ద వరం. శుక్ర, శని, ఆదివారాల్లో తెరిచే రస్టీస్ మార్కెట్‌లో కూరగాయలు, అరటిపళ్లు, బొప్పాయిలు తెచ్చుకుని, అన్నం వండుకుని, కందిపొడి కలుపుకుని తిన్నాను. పక్కన కొరియా అమ్మాయి నూడుల్స్ చేసుకుంటూ "వాసన బాగుంది, ఏంటది?" అని అడిగింది. మర్నాడు ఇద్దరం కలిసే పడవెక్కాం.

అక్కడ టూర్లన్నీ సీటు లెక్కన అమ్ముతారు. ఒక్కరైనా ఒక్క సీటుకే డబ్బు, బస్సు హాస్టల్ గుమ్మం దగ్గరికే వస్తుంది. అలిపిరికి షేర్ ఆటో ఎక్కినంత తేలిక. అండమాన్‌లో అలా కాదు. ట్యాక్సీ ఒక్కరికైనా నలుగురికైనా అదే రేటు. ఫెర్రీ సీటు, స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకి దిగడం), ప్రభుత్వ బోటు ఇవి మనిషి లెక్కనే గానీ, చిడియా తాపు సూర్యాస్తమయం చూడ్డానికో వండూరు జెట్టీకో వెళ్లాలంటే మొత్తం బండి మాట్లాడుకోవాలి. స్కూటర్ నడపడం వస్తే చాలావరకు బయటపడొచ్చు, అద్దెకి దొరుకుతాయి. ప్రభుత్వ బస్సులు కూడా ఉన్నాయి, టైం చూసుకుని ఓపిగ్గా ఉండాలి.

ఇంకో మాట. జనవరిలో అండమాన్‌లో సాయంత్రం ఐదుంపావుకల్లా పొద్దు గుంకిపోతుంది. గడియారం మనదే, దీవులు మాత్రం మనకన్నా చాలా తూర్పున ఉన్నాయి. ఆరు గంటలకి హావ్‌లాక్ రోడ్ల మీద చిమ్మచీకటి. ఒక్కరే ఉంటే రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టి నాలుగున్నరకి గదికి చేరేలా పెట్టుకోండి.

ఇక అండమాన్ దగ్గర ఉన్నది, కెయిర్న్స్ ఎంత డబ్బు పెట్టినా ఇవ్వలేనిది ఒకటుంది. అబర్దీన్ బజార్‌లో మందుల షాపులో నేను హిందీలో తడబడుతుంటే, లోపలి నుంచి "ఏం కావాలమ్మా?" అని వినిపించింది. ఆ దీవుల్లో తెలుగువాళ్లు చాలామంది తరాలుగా స్థిరపడ్డారు. ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వచ్చినా, పర్సు పోయినా, మన భాషలో చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడే అమ్మాయిలకి, ఇంగ్లిష్ మాట్లాడాలంటే బెరుకుండే వాళ్లకి, ఈ ఒక్క కారణంతోనే మొదటి ఒంటరి ప్రయాణం అండమాన్ అని చెప్తాను. ఇంగ్లిష్‌లో పని జరుపుకోగలిగితే, డబ్బు కూడబెట్టి ఉంటే, ఒంటరివాళ్లకి కెయిర్న్సే ఎక్కువ అనువైన ఊరు. అక్కడ ఒక్కరే ఉన్నామన్న సంగతి ఎవరికీ వింతగా తోచదు.

నీళ్ల అడుగున

కెయిర్న్స్ ఎదుట సముద్రంలో ఉన్న పగడాల దిబ్బల వరస పేరు గ్రేట్ బారియర్ రీఫ్, 2300 కిలోమీటర్ల పొడవు. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కెయిర్న్స్ నుంచి చూడ్డానికి మూడు రకాల దారులున్నాయి. గ్రీన్ ఐలాండ్, ఫిట్జ్‌రాయ్ ఐలాండ్ ముప్పావుగంట దూరంలోనే ఉంటాయి, ఖర్చు తక్కువ, ఒడ్డు నుంచే నీళ్లలో దిగొచ్చు. కానీ అసలైన పగడాలు ఔటర్ రీఫ్ మీదే, అంటే తీరానికి దూరంగా ఉండే బయటి దిబ్బల మీదే. అక్కడికి గంటన్నర నుంచి రెండు గంటలు పడవలో వెళ్లాలి, 250 డాలర్లు పైమాటే. ఔటర్ రీఫ్‌కి కూడా రెండు రకాలు. ఒకటి సముద్రంలో లంగరేసిన పెద్ద వేదిక దగ్గరికి తీసుకెళ్లే పెద్ద పడవ. జనం ఎక్కువ, కానీ మెట్లు పట్టుకుని నెమ్మదిగా దిగొచ్చు, అద్దాల పడవలోంచి ఒళ్లు తడవకుండా కూడా చూడొచ్చు. రెండోది చిన్న డైవ్ బోటు. మనుషులు తక్కువ, రెండు మూడు చోట్ల ఆపుతుంది, పడవ వెనక నుంచి నేరుగా లోతు నీళ్లలోకి దిగాలి. ఈత రానివాళ్లు, మొదటిసారి దిగేవాళ్లు వేదిక ఉన్న పడవే తీసుకోండి. నాతో వచ్చిన కొరియా అమ్మాయి చిన్న బోటు కావాలంది, నేను సరేనన్నాను. ఆ ఊపుకి వెళ్లేదారంతా వాంతులే. వాంతి మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి.

అండమాన్‌లో దీనికి సాటి జాలీ బోయ్ దీవి. వండూరు నుంచి బోటు. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం. జాలీ బోయ్ కొన్ని నెలలు తెరిస్తే రెడ్ స్కిన్ అనే ఇంకో దీవి మిగతా నెలలు తెరుస్తారు, పగడాలకి విశ్రాంతి ఇవ్వడానికి. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా తీసుకెళ్లనివ్వరు. నాకు ఆ కట్టడి ఎంతో నచ్చింది. హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్ల మీద తేలుతూ కిందికి చూడడం), శిక్షకుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మొదటి స్కూబా కూడా ఉన్నాయి. మొదటి స్కూబాకి కెయిర్న్స్‌లో పెట్టే డబ్బులో చిన్న వంతుతో అక్కడ పని అయిపోతుంది. నీళ్లంటే భయముందా లేదా తేల్చుకోవడానికి అంత దూరం, అంత డబ్బు అవసరం లేదు.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి కదా, నీళ్లలో దిగేటప్పుడు అదే జరుగుతుంది, ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా. ముక్కు మూసి మెల్లగా ఊదితే "టిక్" మని తెరుచుకుంటుంది. నొప్పి రాకముందే, మీటరుకోసారి చేస్తుండాలి. జలుబు ఉంటే దిగకండి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు, కొండలు కూడా ఎక్కకూడదు. అందుకే కెయిర్న్స్‌లో ఏం చేయాలన్నా ముందు సముద్రం, తర్వాత ఒక రోజు ఊళ్లో, ఆ తర్వాతే కొండల మీది కురండా అని వరస పెట్టుకోండి.

రెండు చోట్లా ఒక మాట చెప్పాలి. ఫొటోల్లో ఉన్నంత రంగులు కనబడవు. లోతుకి వెళ్తే ఎరుపు రంగు వెలుతురు ముందుగా పోతుంది. పగడాల్లో చాలావరకు గోధుమ రంగువే. "చచ్చిపోయాయి" అని పక్కవాళ్లు అనడం విన్నాను, అది నిజం కాదు. ఆ గోధుమ రంగు పగడం ఒంట్లో కాపురముండి దానికి తిండి పెట్టే సూక్ష్మ నాచుది. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది, అప్పుడు తెల్లగా పాలిపోతుంది. ఆకలితో ఉందన్నమాట. చల్లబడితే కోలుకోవచ్చు, లేదంటే దాని మీద బూజులా ఆకుపచ్చ పాకుడు పట్టేస్తుంది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024లలో పెద్ద ఎత్తున ఇలా తెల్లబడ్డాయి. అండమాన్‌లో 2010లో ఘోరంగా తగిలింది. నేను చూసినచోట ఒకే బండ మీద మూడు రంగులూ ఉన్నాయి. ఒక చిలకచేప వచ్చి కటుక్కుమని బండని కొరికింది, ఆ చప్పుడు నీళ్లలో నాకు స్పష్టంగా వినబడింది. దయచేసి పగడాన్ని చేత్తో తాకకండి, కాలు మోపకండి. అండమాన్ నుంచి ముక్క తెచ్చుకోవడం నేరం, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అడవి

ఇక్కడ నా మొగ్గు దాచుకోను. అడవి కోసమైతే కెయిర్న్స్.

మన శేషాచలం అడవి ఎండు అడవి. ఎర్రచందనం, వేసవిలో ఆకు రాల్చే చెట్లు, తలకోన లాంటి తడి జాగాలు అక్కడక్కడా. డెయిన్‌ట్రీ అలా ఉండదు. కెయిర్న్స్ నుంచి ఉత్తరంగా రెండు గంటలు వెళ్లి, నది మీద తాడుతో లాగే పంటు దాటాక మొదలవుతుంది. ప్రపంచంలోని అతి పురాతన వర్షారణ్యాల్లో ఒకటి. కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అడవి నేరుగా ఇసుకలోకి దిగిపోతుంది, ఎదురుగా పగడాల సముద్రం. రెండు ప్రపంచ వారసత్వ ప్రదేశాలు పక్కపక్కనే కలిసే చోటు అది. ఒక్కరే అయితే కారు అద్దెకి తీసుకోకండి. ఎడమ పక్కే నడపాలి కాబట్టి మనకి కష్టం కాదు గానీ, నది దాటాక ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. బండి ఆగిపోతే తోడుండేవాళ్లు లేరు. రోజంతా పట్టే చిన్న బస్సు టూర్ మేలు.

దారి పొడుగునా చెరకు తోటలు. చిత్తూరు పక్క బెల్లం గానుగలు చూసి పెరిగినవాళ్లకి ఆ పచ్చటి వాసన వెంటనే తెలుస్తుంది. అడవిలో నడిచేటప్పుడు దారి తప్పకూడదు. గింపీ-గింపీ అని గుండె ఆకారపు ఆకుల మొక్క ఉంటుంది. మన దూలగొండి దురద గంటల్లో పోతుంది, ఇది తగిలితే నొప్పి నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుందట. గైడు కర్రతో దూరం నుంచి చూపించి, చేతులు జేబుల్లో పెట్టుకోమన్నాడు.

రోజంతా ప్రయాణం వద్దనుకుంటే కురండా ఉంది. 1891లో పూర్తయిన కొండ రైలు, పదిహేను సొరంగాలు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఏడున్నర కిలోమీటర్ల కేబుల్ కార్. చెట్ల నెత్తుల మీదుగా తేలుతూ వస్తాం. పొడి కాలంలో బ్యారన్ జలపాతం సన్నగా ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

అండమాన్ నేలలో ఎనభై శాతానికి పైగా అడవే. కానీ మనం నడవగలిగేది కొంచెమే. చిడియా తాపు, మౌంట్ హారియట్ బాగుంటాయి. బారాటాంగ్ సున్నపురాయి గుహలకి వెళ్లే రోడ్డు జారవా అనే ఆదివాసీల రక్షిత ప్రాంతం మధ్య నుంచి పోతుంది. బండ్లని కాన్వాయ్‌గా పంపుతారు, ఆపకూడదు, ఫొటో తీయకూడదు. అయినా కిటికీలకి అతుక్కుని వాళ్ల కోసం వెతికేవాళ్లని చూశాక నేను ఆ ట్రిప్ మానుకున్నాను. మీరూ మానుకోవాలనే నా కోరిక.

మొసళ్లు రెండు చోట్లా ఉన్నాయి, ఉప్పునీటి మొసళ్లే. బోర్డు ఉన్నచోట నీళ్ల అంచుకి కూడా వెళ్లకండి.

చెల్లికి సంక్రాంతి పక్కన వారం సెలవు దొరికేలా ఉంది. పాస్‌పోర్ట్ ఇంకా లేదు, ఆఫీసు తప్ప బయట ఇంగ్లిష్ మాట్లాడింది లేదు. అండమాన్ పొమ్మన్నాను: రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్, ఒక రోజు జాలీ బోయ్, మూడు రోజులు హావ్‌లాక్, వెనక్కొచ్చే ఫెర్రీకీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ. స్కూబా హావ్‌లాక్‌లో రెండో రోజున, చివరి రోజుల్లో వద్దని గట్టిగా చెప్పాను.

"ఈత వచ్చా?" అనడిగితే ఫోన్లో కాసేపు మాట లేదు. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అంది. ఉంటుంది. కానీ నీళ్లలో ముఖం పెట్టి నోటితో ఊపిరి తీసుకోవడం జాకెట్ నేర్పదు. మొదటిసారి నేను అక్కడే భయపడి, పది నిమిషాలు నిచ్చెన వదల్లేకపోయాను. ఇప్పటికి మూడు వారాలైంది, రోజూ పొద్దున ఆరింటికి ఊళ్లో పూల్‌కి వెళ్తోంది. నిన్న మెసేజ్ పెట్టింది: ముఖం నీళ్లలో పెట్టి ముప్పై లెక్కపెట్టిందట. అరవై దాకా వెళ్లాక టికెట్ బుక్ చేసుకోమన్నాను.